డబ్బా దాకా

జనవరి 11

తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు. ఈసారి ఆ ముక్క వదిలేస్తున్నాను. గుండె ఆపరేషన్‌కని నీ రొమ్ము కోసి కుట్టి నెల దాటింది. నా కాళ్ళు నా మాట వినడం మానేసి ఏడాదైంది. ఇందులో ఎవరు క్షేమమని ఎవరికి రాయను?

ఫోనుండగా ఉత్తరాలేమిటని మరదలు నవ్వుతుందేమో, నవ్వనీ. ఫోన్లో నా గొంతు నీకు వినపడటం లేదు. మొన్న పదకొండుసార్లు "ఆఁ?" అన్నావు, లెక్కపెట్టాను. ఈ వణుకుడు జబ్బు చేతికే అనుకున్నాను గానీ గొంతునీ రాతనీ కూడా పట్టుకుంటుందట. గొంతు సన్నబడిపోతుంది, అక్షరాలు రానురాను చీమలైపోతాయి. అందుకని రోజూ ఒక పేజీ పెద్ద పెద్ద అక్షరాలతో రాయమని మా చప్పట్ల అమ్మాయి హుకుం. నాకు నడక నేర్పడానికి వారానికోసారి ఆస్పత్రి నుంచి వచ్చే పిల్ల. ఆమె "ఒకటీ, రెండూ" అంటూ చప్పట్లు కొడుతుంది, ఆ దెబ్బకి నేను అడుగు వెయ్యాలి. డెబ్భై మూడేళ్ళకి నాకు నడక నేర్పేవాళ్ళు దొరికారు, చూడు.

నా జబ్బులో వింతేమిటో చెప్పనా? మెట్లు దిగడానికి నాకేం ఇబ్బంది లేదు. ఈ మేడ గది నుంచి వీధిలోకి ఇరవై రెండు ఇనపమెట్లు. ఒక్కొక్కటీ కళ్ళకి కనపడుతుంది కాబట్టి కాలు దానంతటదే వెళ్తుంది. చిక్కంతా గుమ్మం దగ్గరే. పొద్దున్నే ఇరవై నిమిషాలు కుట్టుమిషన్ తొక్కి, లేచి గుమ్మం దాకా వస్తానా, అక్కడ పాదాలు నేలకి అతుక్కుపోతాయి. చౌకట్టు పట్టుకుని, పెడల్ చప్పుడు మనసులో తలుచుకుంటూ కాసేపు నిలబడితే గానీ కదలవు.

ఇక అసలు సంగతి. నువ్వు మంచం దిగడం లేదని మరదలు చెప్పింది. నీతో వాదించే గొంతు నాకు లేదు, అందుకని ఒక ఒప్పందం. ఎవరి ఉత్తరం వాళ్ళే తీసుకెళ్ళి డబ్బాలో వెయ్యాలి. ఇంకొకరి చేతికివ్వకూడదు. మా వీధి చివరి డబ్బా మెట్ల కింద నుంచి రెండొందల పన్నెండు అడుగులు. అక్కడికి చేరాక దాని మీద చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంటాను. దాని నెత్తి మీదంతా తుప్పు. కవరు మీద గోధుమరంగు మరకుంటే అది నా వేలిదే, అసహ్యించుకోకు. నువ్వు ఇది చదువుతున్నావంటే నేను నడిచానన్నమాట.

నీ జవాబు కోసం చూస్తూ,
అక్క

జనవరి 27

కత్తెరక్కా,

ఉత్తరం అందింది, తుప్పు మరకా అందింది. మీ మరదలు కవరు తుడవబోతే కేకలేశాను. ఆపరేషన్ అయ్యాక నేనేసిన మొదటి కేక అదేనట, సంతోషించింది.

నా సంగతి ఏముంది. ఉప్పు లేని కూడు, కిటికీ, మళ్ళీ ఉప్పు లేని కూడు. దగ్గొస్తే దిండు గుండెకి అదుముకుని దగ్గాలి. డాక్టరు నడవమంటాడు, మెల్లగా మెట్లు కూడా ఎక్కమంటాడు. ఎక్కాల్సింది ఆయన కాదుగా. లిఫ్టు తాడు చూడ్డానికి పైకెక్కుతుంటే మొదటి అంతస్తు మలుపులోనే నొప్పి పట్టేసింది నాకు. ఆ మలుపు ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళకి మెట్లెక్కే బాధ తప్పించిన లిఫ్టు మెకానిక్‌ని. ఈ నాలుగంతస్తులూ నన్నొక్కణ్ణీ మోయడానికి లిఫ్టుకి బరువా? నువ్వు చెప్పినట్టే ఉత్తరం నేనే వేస్తున్నాను, లిఫ్టులో దిగి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ జబ్బు ఎక్కడుందో మీ డాక్టర్లకి తట్టలేదు గానీ నాకు తట్టింది. మిషన్ తొక్కి లేచాక కాళ్ళు కదలడం లేదని నువ్వే రాశావు. ఉన్న సత్తువంతా పొద్దున్నే ఆ పెడల్ లాగేసుకుంటుంటే గుమ్మం దాటడానికి ఏం మిగుల్తుంది? అమ్మ మిషనే కదా ఇంకా అది. దాని కింద కూర్చుని నేను చేత్తో పెడల్ నొక్కేవాణ్ణి, గుర్తుందా. అమ్మ పాదాలు ఎలా వాచిపోయి ఉండేవో నా కళ్ళ ఎదురుగానే ఉండేవి.

చేతిచక్రం ఎంత వెడల్పుందో కొలిచి రాయి. ఎందుకని అడక్కు.

తమ్ముడు

ఫిబ్రవరి 8

తమ్ముడికి,

చక్రం జానెడు కంటే బొటనవేలంత తక్కువ. కోడలు కొలిచింది. ఎందుకో అడగను గానీ, ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి కొలవాలనిపించిందంటే మంచిదే. మంచంలో పడుకుని చక్రాల గురించి ఆలోచించేవాడు త్వరలోనే లేస్తాడు.

నీ వైద్యం మాత్రం వద్దు. మిషన్ నన్ను ఏమీ చెయ్యడం లేదు. బడి యూనిఫారాలు కుట్టడం మానేసి మూడేళ్ళయింది, ఇప్పుడు కుట్టేది ఇంట్లో దిండు గలీబులు, అబ్బాయి తాళాల కొట్టుకి గుడ్డసంచులు. ఆ కాస్త పనికే అలిసిపోతానా? దాని మీద కూర్చుంటే నాకు హాయిగా ఉంటుంది, అంతే.

కింద అబ్బాయి కొత్త తాళంచెవి అరగదీస్తుంటే ఆ కీచుకి నా పళ్ళు పులిసిపోతున్నాయి. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను, ఇప్పుడే ఎందుకో. ముసలితనం చెవుల్లోంచి కూడా వస్తుంది కాబోలు.

నువ్వు ఎన్ని మెట్లెక్కావో రాయలేదు. ఒకటి ఎక్కినా ఒకటని రాయి. డబ్బాకి నేను వర్షంలో కూడా వెళ్ళాను మొన్న. కోడలు గొడుగు పట్టుకుని వెనక వస్తూ, "అత్తయ్యా, ఈ ఉత్తరం రేపు వేస్తే కొంప మునుగుతుందా?" అంది. మునుగుతుందన్నాను.

అక్క

ఫిబ్రవరి 27

అక్కా!

మంచం దిగాను. పన్నెండు రోజులుగా భోజనాల బల్ల దగ్గరే ఉన్నాను. మీ మరదలు అన్నం కంచం ఒళ్ళో పెట్టుకు తింటోంది, బల్లంతా నా సామాను. నీ మిషన్‌కి మోటారు తయారుచేశాను!

వినడానికి భయపడకు. బజారు మోటారు పరుగులు పెడుతుంది, నీ చేతులకి పనికిరాదు. దీని వేగం తగ్గించి తగ్గించి, నిద్రపోతున్నవాడి ఊపిరంత చేశాను. కాలి కింద చిన్న మీట. వేలితో నొక్కినంత నొక్కితే చాలు. నా చేతులు ఇంకా బిగుసుకుపోతున్నాయి గానీ పని చేస్తున్నంతసేపూ గుండె ఒకటుందని మర్చిపోయాను. ఆపరేషన్ తర్వాత నేను బతికే ఉన్నానని నాకు నమ్మకం కుదిరింది ఇప్పుడే.

మూడో తారీకున నా శిష్యుడొస్తాడు. శిష్యుడంటే ఇప్పుడు వాడికీ తల నెరిసిందనుకో. మిషన్‌ని కొత్త బల్ల మీద బిగించి, పాత ఇనప స్టాండూ పెడలూ నాకు తెచ్చిపెడతాడు. అమ్మ తొక్కిన పెడల్, నా దగ్గర ఉంచుకుంటాను. ఇకనుంచి నీ కాళ్ళలో ఉన్న బలమంతా నడకకే. ఆరేళ్ళ వయసులో మిషన్ కింద కూర్చుని అమ్మ పాదాలు చూస్తూ అనుకున్న పని ఇది. అమ్మకి చెయ్యలేకపోయాను.

నీ తమ్ముడు, మళ్ళీ మెకానిక్

మార్చి 14

తమ్ముడికి,

మోటారు బాగా నడుస్తోంది. చప్పుడే లేదు. నీ శిష్యుడు శ్రద్ధగా బిగించి వెళ్ళాడు. నువ్వు మంచం దిగావని మరదలు ఫోన్లో ఏడ్చింది, అది చాలు నాకు. ఇంకేదన్నా పని పెట్టుకో. ఖాళీగా ఉండకు.

చెయ్యి నొప్పిగా ఉంది, ఇంతటితో ఆపుతాను.

అక్క

మార్చి 25

అక్కా,

ఏడే వాక్యాలు! అక్షరాలు చూస్తే భూతద్దం కావాల్సొచ్చింది. పెద్దగా రాయమని మీ చప్పట్ల అమ్మాయి చెప్పలేదూ? మోటారు గురించి ఇంకాస్త రాస్తావనుకున్నాను. దారం తెగుతోందా? వేగం సరిపోయిందా? పొగడమని కాదు. సరే, పొగడమనే.

అమ్మ పెడల్ నేను తెచ్చుకున్నానని కోపమొచ్చిందా? పెద్దదానివి నువ్వు, నీకే హక్కు. నిన్ను అడక్కుండా తెచ్చుకున్నాను, ఆ మాట నిజమే. కావాలంటే పంపేస్తాను, గోడకి ఆనించి పెట్టుకుందువుగాని.

ఇంకో సంగతి. ఈసారి కవరు శుభ్రంగా వచ్చింది. మరక లేదు. మీ డబ్బాకి రంగేశారా?

తమ్ముడు

ఏప్రిల్ 4

తమ్ముడికి,

కోపమేమీ లేదు. పెడల్ నీ దగ్గరే ఉండనీ. డబ్బాకి రంగేశారు.

అక్క

ఏప్రిల్ 15

అక్కా,

రంగేశారని చదివి నవ్వుకున్నాను, ఆ తుప్పు మరక అలవాటైపోయింది నాకు.

నీ ఉత్తరం ఎంత చిన్నదైనా ఒక సంగతి మాత్రం తెలుస్తోంది, నువ్వు అలిసిపోతున్నావు. కాళ్ళకి పెడల్ బరువు తగ్గించినా మెట్ల బరువుందిగా. అందుకని కొత్త ఏర్పాటు ఒకటి గీశాను. మీ ఇనపమెట్ల పక్కనున్న కమ్మీ మీద పట్టా బిగించి, దాని మీద జారే కుర్చీ. కూర్చుని మీట నొక్కితే పైనుంచి కిందకి, కిందనుంచి పైకి. ఇరవై రెండు మెట్లలో ఒక్కటి కూడా నువ్వు తొక్కక్కర్లేదు. శిష్యుడు వచ్చేవారం వచ్చి కొలతలు తీసుకుంటాడు. మీ అబ్బాయికి ఫోన్ చేశాను, "అమ్మని అడగండి మావయ్యా" అని నసిగాడు. అడిగేదేముంది?

నాకు ఒంట్లో బాగుంది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాను. ఇదంతా నీ పని పెట్టుకోబట్టే.

తమ్ముడు

ఏప్రిల్ 24

ఒరే,

మెట్ల జోలికి రాకు. నీ శిష్యుణ్ణి పంపితే కిందనుంచే వెనక్కి పంపించేస్తాను. నాకు మిగిలినవి ఆ మెట్లే.

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. అక్షరాలు కనపడకపోతే భూతద్దం పెట్టుకునే చదువు, మొత్తం చదువు.

డబ్బాకి ఎవరూ రంగెయ్యలేదు. నేను డబ్బా దగ్గరకి వెళ్ళి ఏడు వారాలైంది. ఉత్తరాలు కోడలు వేస్తోంది. మిషన్ మారిన తొమ్మిదో రోజున గుమ్మంలో పడ్డాను. మోకాలు పగిలింది, మణికట్టు బెణికింది. అవి మానాయి గానీ ఆ తర్వాత గుమ్మం దాటలేదు. కుర్చీ, మంచం, స్నానాలగది, అవి కూడా కోడలి భుజం మీద. మీ మేనల్లుడు నన్ను చూడలేక గదిలోకి రావడమే తగ్గించేశాడు.

మిషన్ నా బలాన్ని తినేస్తోందని నీకెవరు చెప్పారురా? నేను రాసింది సరిగ్గా చదవలేదు నువ్వు. నడవమంటే మొండికేసే ఈ కాళ్ళు పెడల్ మీద పెడితే పదహారేళ్ళప్పటిలా ఆడేవి. ఇరవై నిమిషాలు తొక్కితే ఆ లయ కాళ్ళలో ఉండిపోయేది. గుమ్మం దగ్గర ఆగిపోయినప్పుడు దాన్నే తలుచుకుని కాలెత్తేదాన్ని. చప్పట్ల అమ్మాయి వారానికి ఒక్కరోజే వస్తుంది, మిగతా ఆరు రోజులూ ఆ పెడలే నాకు చప్పట్లు. ఆమె వచ్చి చూసి, "ఎవరు తీసేశారమ్మా ఇది?" అని అడిగింది. నీ పేరు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటావా, నీకు కూడా చెప్పలేదుగా. ఆ మోటారు కోసం నువ్వు మంచం దిగావు. బతికే ఉన్నానని నమ్మకం కుదిరిందని రాశావు. అది చదివాక దీన్ని విప్పుకెళ్ళమని ఏ నోటితో చెప్పను? నువ్వు తిరిగి మంచమెక్కుతావని భయపడ్డాను. నేను కూర్చున్నా నువ్వు లేచావు కదా అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు మెట్లు కూడా తీసేస్తానంటే సరిపెట్టుకోలేకపోయాను.

ఇంకొకటి. అమ్మ కాళ్ళు వాచింది మిషన్ వల్ల కాదు. మూత్రపిండాలు పాడై వాచాయి. నీకప్పుడు ఆరేళ్ళు, నీకెవరూ చెప్పలేదు. మిషన్ మీద కూర్చుంటేనే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయనేది అమ్మ. ఆఖరి నెలదాకా తొక్కింది.

నా కాళ్ళు నువ్వు తీసేశావురా. ప్రేమతోనే తీశావు, నాకు తెలుసు. తెలిసి మాత్రం ఏం చేసుకోను?

అక్క

మే 3

అక్కా,

స్టాండూ, పెడలూ, పాత తోలు పట్టీ ఈ ఉత్తరంతో పాటే శిష్యుడితో పంపుతున్నాను. వాడే బిగిస్తాడు. మోటారు తీసి పారెయ్యమన్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. మూడో రోజు మీ మరదలికి చదివి వినిపించాను. అమ్మ సంగతి దగ్గర ఆగిపోయాను. అరవై మూడేళ్ళుగా ఆ వాచిన పాదాలు చూస్తూనే మోటార్లు బిగించాను నేను, లిఫ్టులు నడిపాను. ఎవరూ కాళ్ళు కదపక్కర్లేకుండా చెయ్యడమే మేలు చెయ్యడమనుకున్నాను.

నువ్వొక్కదానివే కాదు అబద్ధమాడింది. నా ఉత్తరాలు ఒక్కటి కూడా నేను వెయ్యలేదు, వాచ్‌మన్ వేశాడు. నేనే వేస్తున్నానని నీకు రాసి పంపిన రోజు కూడా. లిఫ్టులో కిందకి దిగితే, కరెంటు పోతే, మళ్ళీ మెట్లెక్కాల్సొస్తుందని గడప దాటలేదు. నడిచానన్న వరండా మా ఇంటి వరండానే.

నిన్న డాక్టర్ని అడిగాను, ఎన్ని మెట్లెక్కొచ్చని. "నేను జనవరి నుంచీ చెబుతున్నదేగా" అన్నాడు. నీ గదికి ఇరవై రెండు. ఇవాళ మా మెట్లు నాలుగెక్కి కూర్చున్నాను. ఇరవై రెండు ఎక్కగలిగిన రోజున వస్తాను.

తమ్ముడు

మే 28

తమ్ముడికి,

పెడల్ వచ్చింది. కాళ్ళు రాలేదు.

నీ శిష్యుడు నూనె కూడా వేసి వెళ్ళాడు. కోడలు కూర్చోబెట్టింది, తొక్కాను, తిరిగింది. లేచి నిలబడేసరికి మోకాళ్ళు వణికి కూలబడ్డాను. రెండు నెలలకి పైగా కూర్చున్న ఒళ్ళు, అలా పిలవగానే వస్తుందా అంది చప్పట్ల అమ్మాయి. మొదటినుంచీ మొదలుపెట్టాలట. ఆమె చప్పట్లు కొడుతోంది, నేను వింటున్నాను, అంతే. ఆ పిల్ల మీద జాలేస్తోంది నాకు.

నీకు రాసినదానికి సిగ్గుపడుతున్నాను. నా కాళ్ళు తీసేసింది జబ్బు, నువ్వు కాదు. కాస్త ముందు తీసుకుందేమో, అంతే.

నువ్వు రాకు. చేతులెత్తి దణ్ణం పెడతాను. నా మెట్ల మీద నీకేమన్నా అయితే ఆ తర్వాత నేను నడిచినా ఎక్కడికి నడవను? మనం చూసుకున్నది చాలు. ఒప్పందం కూడా కొట్టేద్దాం, దాన్ని ఇద్దరం ఎలాగూ నిలబెట్టలేదు. ఇది కోడలు వేస్తుంది.

అక్క

జులై 2

కత్తెరక్కా,

కొట్టేసేది లేదు.

లెక్క వినిపిస్తాను. మే అంతా ఎనిమిది. జూన్ పదికి పన్నెండు. ఆ తర్వాత మూడు రోజులు ఏమీ లేదు, ఆయాసమొచ్చి డాక్టరు ఆపేయమన్నాడు, పరీక్షలు చేసి, ఏం లేదు మళ్ళీ ఎక్కమన్నాడు. మీ మరదలు ముక్కాలి పీట పట్టుకుని నాకు ముందు ఎక్కుతుంది, నేను ఆగిన మెట్టు మీద పీట వేస్తుంది. మాత్ర జేబులోనే ఉంటుంది. వాచ్‌మన్ కిందనుంచి గట్టిగా లెక్కపెడతాడు, అపార్టుమెంటంతా వింటోంది. నాలుగో అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు మొన్న లిఫ్టు తలుపు తీసి, "ఇవాళ ఎంతండీ?" అని అడిగి మళ్ళీ వేసుకున్నాడు.

గత శుక్రవారం మొదటి అంతస్తు మలుపు దాటాను. నొప్పి పట్టేసిన చోటే. గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. సున్నం రాలిన గోడ. అంతే, ఇంకేమీ లేదక్కడ.

ఇవాళ్టికి ఇరవై నాలుగు. నీకు కావాల్సింది ఇరవై రెండే. పధ్నాలుగో తారీకు పొద్దున రైలు దిగుతాను. నిన్ను నడవమని అడగడానికి రావడం లేదు, నువ్వు నన్ను నడిపించావు కాబట్టి వస్తున్నాను.

ఈ ఉత్తరం నేనే వేస్తున్నాను, మెట్లు దిగి. మా డబ్బాకి తుప్పు లేదు, నమ్మడం నీ పని.

తమ్ముడు

ఆగస్టు 30

తమ్ముడికి,

నువ్వు వచ్చి వెళ్ళి నెల దాటింది, ఒక్క ముక్క రాయలేదని అలిగావట. మరదలు చెప్పింది. అలిగితే అలిగావులే. నా ఉత్తరం నేనే వెయ్యగలిగిన రోజునే రాయాలని ఒట్టు పెట్టుకున్నాను, అందుకే ఆలస్యం.

నువ్వు వచ్చిన రోజు మెట్ల మీద ఉన్నంతసేపూ గదిలో ఏం జరిగిందో నీకు చెప్పలేదు. అబ్బాయీ కోడలూ నిన్ను పట్టుకోవడానికి కిందకి పరిగెత్తారు. నేనొక్కదాన్నే మిషన్ పక్కన కుర్చీలో ఉన్నాను. ఇనపమెట్టు మోగింది. ఒకటి. కాసేపాగి రెండు. నీ అడుగు ఎంత మెల్లగా పడిందంటే మధ్యలో నాకు ఊపిరాడలేదు. పదకొండు దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత చప్పుడు ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో నీకు తెలియదు. కింద మాటలు కూడా లేవు. పిలిచాను, నా గొంతు నాకే వినపడలేదు. మిషన్ అంచు పట్టుకుని లేచాను. గోడ పట్టుకుని గుమ్మం దాకా ఎలా వచ్చానో ఇప్పటికీ తెలియదు. అక్కడ మామూలే, పాదాలు అతుక్కుపోయాయి. మెట్లు కనపడవు, నువ్వు కనపడవు, బయట ఆకాశం ఒక్కటే. నా ఇంటి మెట్ల మీద నా తమ్ముడు పోయాడు, నేను అంగుళం గుమ్మం దాటలేక నిలబడ్డాను అనుకున్నాను.

అప్పుడు పన్నెండో మెట్టు మోగింది. ఆ చప్పుడుకి నా కుడికాలు లేచింది. నేను ఎత్తలేదు, అదే లేచింది. పదమూడుకి ఎడమకాలు గుమ్మం దాటింది. నువ్వు తలెత్తి చూసేసరికి నేను పై మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని ఉన్నాను. "ఎదురు రావడానికి ఇంతసేపా?" అన్నావు. అందరూ నవ్వారు. నేను ఏడ్చింది నిన్ను చూసిన సంతోషంతో అనుకున్నావు. అదీ నిజమే.

మర్నాడు నువ్వు మిషన్ కింద కూర్చుని చేత్తో పెడల్ నొక్కావే, నా పాదాలు దాని మీద పెట్టించి, ఆ వారం రోజులూ పొద్దున్నే అదే పని. అరవై తొమ్మిదేళ్ళ వాడివి, లేవడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది. నువ్వు వెళ్ళాక నేనే తొక్కుకుంటున్నాను. మొదట పై మెట్టు దాకా. తర్వాత కింద మెట్టు. ఆ తర్వాత అబ్బాయి కొట్టు అరుగు. వాడు ఒక సంచి నా చేతికిచ్చి, "నువ్వు కుట్టిందేగా, చిల్లు పడింది, తీసుకెళ్ళు" అన్నాడు. ఎన్నాళ్ళకో నాకు పని చెప్పాడు వాడు.

జబ్బు తగ్గిందనుకోకు. తగ్గేది కాదది. మందు మోతాదు పెంచారు, వచ్చే ఏడు మళ్ళీ పెంచుతారు. ఒక రోజు పెడల్ కూడా కాళ్ళని కదిలించలేకపోవచ్చు, చప్పట్ల అమ్మాయి నాతో దాచకుండా చెప్పింది. ఆ రోజు వచ్చేదాకా ఎవరూ వచ్చి నా బరువు తగ్గించకండి. నువ్వు కూడా మెట్లు మానకు, లిఫ్టు ఎంత బాగున్నా.

ఇంతవరకూ ఇంట్లో రాశాను. కింది మాటలు డబ్బా మీద కాగితం పెట్టి రాస్తున్నాను. కోడలు పదడుగుల వెనక నిలబడింది, దగ్గరకి రావద్దన్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి గానీ పెద్దగానే ఉన్నాయి చూడు. కాగితం అడుగున తుప్పంటింది. మరదల్ని తుడవనివ్వకు.

ఇక ఆపుతాను. ఇంటికి మళ్ళీ రెండొందల పన్నెండు అడుగులుంది.

అక్క